మాంసంలో కలపని గోంగూర

హలో, హలో... అందరికీ వినిపిస్తోందా? వంటింట్లో గరిటె ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకున్న అక్కలకీ, డ్యూటీ దిగి బస్సులో కూర్చున్న తమ్ముళ్ళకీ నమస్కారం. మన సంఘం వాళ్ళకి వందనాలు. భోజనాలయ్యాయా? కాకపోతే తినేసి రండి. ఇది గోంగూర మాంసం కథ. ఆకలి మీద వింటే నన్ను తిట్టుకుంటారు. తినేశారు కదా, అయితే మొదలుపెడతాను.

గరివిడిలో ఆదాము అని ఒకాయన ఉన్నాడు. ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ కొలిమి వేడి పక్కన ఉండే మనిషి, ఇంటికొచ్చాక చల్లగా కూర్చుంటాడా అంటే కూర్చోడు. మళ్ళీ పొయ్యి దగ్గరికే వెళ్తాడు. వాళ్ళింట్లో అన్నం, పప్పు, చారు, వేపుళ్ళు ఆయన భార్య కాంతం చేస్తుంది. ఆకుకూరా మాంసమూ కలిసే వంట మాత్రం ఆదాముది. చుక్కకూరలో కోడి, మెంతికూరలో కీమా, అన్నిటికీ పైన గోంగూరలో మేకమాంసం. చర్చిలో ఎవరింట్లో పిల్లకి పేరు పెట్టినా, ఎవరికి ప్రమోషన్ వచ్చినా, "ఆదామన్నా, గోంగూర నువ్వే సెయ్యాల" అని కబురు వస్తుంది. డబ్బులిస్తామంటే పుచ్చుకోడు. పొగిడితే పుచ్చుకుంటాడు.

ఆదాము, కాంతంలకి ఒక్కతే కూతురు, పద్మజ. విజయనగరంలో ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. ఆ పిల్ల యుగంధర్ అనే అబ్బాయిని ఇష్టపడింది. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. అక్కడ కొత్త ఎయిర్‌పోర్టు పనుల్లో కరెంటు పని చేస్తాడు. తండ్రి దాలయ్య పడవ మీద వేటకి వెళ్తాడు. తల్లి మరిడమ్మ ఎండుచేపలు, ఎండు రొయ్యలు అమ్ముతుంది. ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. ఇప్పుడు ఆటోలో సరుకు వేసి సంతలకి పంపే స్థితికి వచ్చింది.

ఇల్లు వేరు, దేవుడు వేరు. అయినా ఆదాముకి పెద్దగా అభ్యంతరం లేకపోయింది. పిల్లాణ్ణి చూశాడు, నాలుగు మాటలు మాట్లాడాడు, చేతి మీద వైర్లు కోసుకున్న గీతలు చూశాడు. పని చేసేవాడే అనుకున్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి, తరవాత రెండు ఊళ్ళలోనూ భోజనాలు అనేదాకా మాట వెళ్ళింది. అడ్డం పడింది కాంతం.

కాంతం శ్రీకాకుళంలో మిషను కాంపౌండులో పెరిగిన మనిషి. ఇల్లు అద్దంలా ఉంచుతుంది. ఎండుచేప వాసన ఆమెకి గిట్టదు. పక్కింట్లో వేపితే తన ఇంట్లో కిటికీలు మూస్తుంది. పద్మజ సంగతి చెప్పిన రోజున ఆమె నోటి వెంట ఒక మాట వచ్చేసింది. "ఎండుసేపల గంప మోసే ఇంటికా ఎళ్తావు? ఆ కంపులో ఎలగుంటావే?"

తరవాత కాంతం మెత్తబడింది. పిల్ల వారం రోజులు సరిగా తినకపోతే ఏ తల్లి మెత్తబడదు? యుగంధర్ ఇంటికి వస్తే టీ ఇచ్చింది, రెండోసారి వస్తే జంతికలు పెట్టింది. కానీ మాట అన్నది అన్నదే. పద్మజ ఏడుస్తూ అది యుగంధర్‌కి చెప్పింది. యుగంధర్ ఇంట్లో చెప్పాడు. అలా అలా మరిడమ్మ చెవిన పడింది. ఆవిడ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒక్క మాట అంది. "వాళ్ళింటికెళ్ళి, వాళ్ళు పెట్టిన అన్నం తిన్నాకే నా మాట సెప్తాను. పెట్టేటప్పుడు మొకాలు సూడాల."

పెళ్ళి ఇక ఆ ఒక్క భోజనం మీద ఆగింది. ఈ సంగతంతా పద్మజ తండ్రికి చెప్పింది. "నాన్నా, ఆమెకి అమ్మ అన్న మాట తెలుసు. నువ్వే ఎలాగైనా సరిచెయ్యాలి" అంది.

"నా సేతిలో గోంగూర ఉన్నాది కద. రానియ్యి" అన్నాడు ఆదాము.

డిసెంబరు నెల. వరండాకి కాగితం నక్షత్రం కట్టేశారు. ఆదాముకి వారానికి ఒక్కరోజు సెలవు, అది గురువారం. అదే రోజుకి రమ్మని యుగంధర్‌కి చెప్పాడు. యుగంధర్ సరేనన్నాడు. రోజు సంగతి ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఆలోచించలేదు.

గురువారం పొద్దున్నే ఆదాము మాంసం కొట్టుకి వెళ్ళాడు. ఎప్పుడూ వరస కట్టి నిలబడే చోట ఒక్క మనిషి లేడు. కొట్టువాడు కత్తి పక్కన పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఏట్రా, ఎవులూ నేరు?" అన్నాడు ఆదాము.

"ఈవేళ ఎవులు కొంటారు మావా. ఒక్క పోతునే కోసినాను. నువ్వే బోణీ."

"మంచిదే కద. ఆ జబ్బ ముక్క ఇయ్యి. నల్లి ఎముకలు ఏరి వెయ్యి. మూలగ ఉన్నది సూసి కొట్టు."

ఎవరూ ఎందుకు కొనరో అడిగుంటే కథ ఇక్కడే ఆగిపోయేది. ఆదాము అడగలేదు. మంచి ముక్కలు దొరికాయన్న సంతోషంలో ఇంటికొచ్చేశాడు.

గోంగూర ముందురోజే తెప్పించాడు. గజపతినగరం దగ్గర ఆయన చెల్లెలి ఇల్లు. వాళ్ళ పెరట్లో ఎర్రకాడ గోంగూర ఉంది. బాగా పుల్లన. కాడలు తీసి, ఆకు మట్టి పోయేదాకా కడిగి, పాత పంచె మీద ఆరబోశాడు. తడి ఆకు నూనెలో వేస్తే జిగురొస్తుందని ఆయన నమ్మకం.

ఇప్పుడు ఆయన వంట పద్ధతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే తిరుగుతుంది. చాలామంది మాంసం ఉడుకుతుండగానే గోంగూర వేసేస్తారు. ఆదాము వెయ్యడు. పులుపు ముందే తగిలితే ముక్క బిగుసుకుంటుంది, ఇక ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. అందుకని మాంసం ఒక పొయ్యి మీద, గోంగూర ఒక పొయ్యి మీద. మాంసానికి ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు. గోంగూర మాత్రం మట్టి దాకలో, నూనె కాస్త ఎక్కువే పోసి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి మగ్గనిచ్చి, పప్పుగుత్తితో మెదుపుతాడు. ముక్క వేలితో నొక్కితే విడిపోయేదాకా ఉడికాక, అప్పుడు రెండూ కలుపుతాడు. కలిపాక సన్నటి మంట మీద నూనె పైకి తేలేదాకా ఉంచుతాడు. అంతే.

అంతే అని అందరికీ చెప్తాడు. నిజానికి ఇంకొకటుంది. గోంగూర మగ్గేటప్పుడు, పక్కన ఎవరూ లేకుండా చూసి, పాత కాఫీ సీసాలోంచి ఒక చెంచాడు పొడి తీసి చల్లుతాడు. కాంతం అది ధనియాల పొడి అనుకుంటుంది. అది రొయ్యపప్పు పొడి. సన్న రొయ్యలు ఎండబెట్టి, తలా తోకా నలిపి తీసేసి, వేయించి కొట్టిన పొడి. ఆదాము తల్లి అలాగే చేసేది. పొడి ఆకులో కరిగిపోతుంది, కంటికి కనిపించదు. రుచి మాత్రం నాలుక మీంచి దిగదు. గజపతినగరం సంతలో రొయ్యపప్పు కొని, చెల్లెలి ఇంట్లోనే వేయించి పొడి కొట్టించి తెచ్చుకుంటాడు. గరివిడి ఇంట్లో వేయించే ధైర్యం ఆయనకి లేదు.

పెళ్ళైన కొత్తలో కాంతం మొదటిసారి ఆ గోంగూర తిని, "ఇలాటి గోంగూర మా ఇంట్లో ఎప్పుడూ తిననేదు" అంది. ఆ మురిపెంలో ఆదాము అసలు సంగతి చెప్పలేకపోయాడు. ఆరోజు చెప్పనిది మర్నాడు ఎలా చెప్తాడు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ గురువారం కూడా చెంచాడు పొడి పడింది. గోంగూర మగ్గింది, మెదిగింది. ముక్క ఉడికింది. ఆదాము మసిగుడ్డతో దాక రెండు చెవులూ పట్టుకుని, మాంసంలోకి వంచబోతున్నాడు. అప్పుడు పద్మజ ఫోను మోగింది. యుగంధర్. చేతికి పిండి ఉందని పద్మజ స్పీకరు పెట్టింది.

"అంకుల్ ఉన్నారా? అంకుల్, ఒక సంగతి మర్సిపోనాను. తిట్టకండి."

"సెప్పు బాబూ."

"అమ్మకి ఈవేళ నీసు పనికిరాదు. మార్గశిర లచ్చివారం కద. పొద్దున్నే పూజ సేసుకొని బయల్దేరినాది. వాళ్ళకి సెప్పినావా అని ఇప్పుడు కారులో అడిగినాది. నాను సెప్పనేదు."

మన వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మార్గశిర మాసంలో లక్ష్మివారాలు, అంటే గురువారాలు, ఆడవాళ్ళు అమ్మవారికి పూజ చేసుకుంటారు. ఆరోజు మాంసం, చేప, ఏ నీసూ ముట్టరు. మర్నాడు పొద్దున్న మళ్ళీ మామూలే. ఇది హిందువుల ఇళ్ళలో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఆదాము ఇంట్లో గోడకి ఉన్నది చర్చి కేలండరు. అందులో గుడ్ ఫ్రైడే ఉంటుంది కానీ మార్గశిరం ఉండదు.

"ఎక్కడున్నారు?" అంది పద్మజ.

"నెల్లిమర్ల దాటినాం."

యుగంధర్ ఫోను పెట్టేశాడు. ఆదాము దాక మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు.

"ఈ రోజని నువ్వే కద సెప్పినావు?" అంది కాంతం.

"నా ఆఫు ఈరోజే కద. నాకేటి తెలుసు."

"మాంసం కొట్టుకాడ ఎవులూ సెప్పనేదా?"

ఆదాముకి కొట్టువాడి మాట అప్పుడు అర్థమైంది. "సెప్పినాడు. నానే విననేదు" అన్నాడు.

"నాకైనా తట్టలేదు నాన్నా. మా ల్యాబులో దేవక్క ఈ నెల్లో గురువారం గుడ్డు కూడా తినదు. రోజూ పక్కనే కూర్చుంటాను" అంది పద్మజ.

కాంతం నడుముకి కొంగు బిగించింది. కష్టమొస్తే ఆమె బుర్ర వేగంగా పని చేస్తుంది. దాకలోకి తొంగిచూసింది. "గోంగూర ఇంకా కలపనేదు కద? దేవుడే ఆపినాడు. మాంసం ఎనక గదిలో పెట్టీ. ఇది వట్టి గోంగూరే కద, దీనికి ఇంగువ పోపు పెట్టి వడ్డిస్తాను. అమ్మాయ్, బంగాళాదుంపలు తరుగు. చారు నాను పెడతాను. ఆవిడికి మన పళ్ళెం వద్దు, పెరట్లో అరటాకు కొయ్యి."

"గోంగూర వద్దులే. పప్పు సెయ్యి" అన్నాడు ఆదాము.

"పప్పు ఎవులైనా సేస్తారు. వాళ్ళు వస్తన్నది నీ గోంగూర తినడానికి."

"అది కాదే..."

"ఏది కాదు? ఆ కుర్చీలు తుడు, ఎళ్ళు."

ఆదాము కుర్చీలు తుడిచాడు. రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఒకసారి కాంతం చేతిలో పోపు గరిటె ఉంది, ఒకసారి పద్మజ పక్కనే ఉంది. ఆయన నోరు తెరవలేదు. తెరిస్తే ఏమవుతుందో లెక్క వేసుకున్నాడు. చెప్తే, ఎండుచేప పేరెత్తితే ముక్కు మూసుకునే మనిషికి ఇన్నేళ్ళూ రొయ్యపొడి పెట్టానని ఒప్పుకోవాలి, అదీ కాబోయే వియ్యపురాలు గుమ్మంలోకి వస్తుండగా. చెప్పకపోతే? పొడి కరిగిపోయింది. ఎవరికి కనిపిస్తుంది?

కనిపించదు, నిజమే. కానీ వచ్చేది మరిడమ్మ. పుట్టినప్పటి నుంచి రొయ్యల మధ్య పెరిగిన మనిషి. మొదటి ముద్దలోనే పట్టేస్తుంది. పడితే ఏమనుకుంటుంది? మా పూజ అంటే వీళ్ళకి లెక్క లేదు, తెలిసి తెలిసి నాకు నీసు పెట్టారు అనుకుంటుంది. కాంతం అన్న మాట ఎలాగూ మనసులో ఉంది. దాని మీద ఇది. ఇక ఆ గుమ్మం మళ్ళీ తొక్కదు. పోనీ పట్టలేదే అనుకుందాం. అప్పుడు ఒక మనిషి వ్రతం తన ఇంట్లో, తన చేతి కూరతో చెడిపోయిందని ఆదాముకి ఒక్కడికే తెలిసి ఉంటుంది. ఆ సంగతి పక్కన పెట్టుకుని కూతురి పెళ్ళిలో ఎలా తిరుగుతాడు?

కారు వచ్చేసింది.

ముందు దాలయ్య దిగాడు. సన్నగా, నల్లగా, ఎండకి కాలిన మనిషి. ఆకాశం వైపు చూసి, "ఏటి బావూ, మీ ఊరికి మబ్బులు కూడా ఫ్యాక్టరీయే తయారు సేస్తాదా?" అన్నాడు.

"మీకు ఎయిర్‌పోర్టు వస్తన్నాది కద, పొగ మీకూ వస్తాది" అన్నాడు ఆదాము.

"వచ్చినా మాకెక్కడ అంటుతాది. సముద్రం గాలి కొట్టీసుకు పోతాది." దాలయ్య లోపలికి వస్తూనే ముక్కు ఎగబీల్చాడు. "ఎక్కడో మేక ఉడికినాది."

"నీకు ముక్కు తప్ప ఇంకేటీ ఇవ్వనేదు దేవుడు" అంది వెనకనించి మరిడమ్మ.

మరిడమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. పసుపు రాసుకున్న ముఖం, తడి ఆరని జుట్టు, పూజలో పెట్టిన పువ్వు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. గాలి పీల్చింది. పక్కింటి వైపు ఒకసారి చూసి లోపలికి వచ్చింది. ఆదాము వంటింటి వైపు చూశాడు.

కాంతం చేతికి అరటిపళ్ళు, కొబ్బరికాయ ఇచ్చి, "మా ఇంటి సరుకు తేవాలనుకున్నానమ్మా. మీకు గిట్టదని తేనేదు" అంది మరిడమ్మ. గొంతులో కోపం లేదు. ఉన్న మాట ఉన్నట్టు అంది. కాంతం పళ్ళు అందుకుని తల దించుకుంది.

నీళ్ళు ఇచ్చారు, కూర్చోబెట్టారు. యుగంధర్ అందరి ముఖాలూ చూస్తూ, "తప్పు నాదే, నానే సెప్పనేదు" అని ప్రతి ఒక్కరికీ ఒకసారి చెప్పాడు. "నువ్వు కరెంటు వైరు ఎక్కడ కలపాలో కూడా ఇలాగే మర్సిపోతావా?" అంది పద్మజ. దాలయ్య నవ్వాడు. మరిడమ్మ కూడా కాస్త నవ్వినట్టే ఉంది.

చాప మీద భోజనాలు. మరిడమ్మకి అరటాకు, మిగిలినవాళ్ళకి పళ్ళాలు. కాంతం ఆకు మీద నీళ్ళు చల్లి, అన్నం పెట్టి, పక్కన బంగాళాదుంప వేపుడు, దాని పక్కన గోంగూర. ఇంగువ పోపు వాసన గుప్పుమంది. "వట్టి గోంగూరేనండి. ఇందులో ఏటీ కలవనేదు. మా ఆయన సేతి వంట" అంది కాంతం, ఆవిడ ముఖంలోకి చూస్తూ.

ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ఎవరూ ముద్ద ఎత్తరు. ప్రార్థన ఇంటి పెద్దే చెయ్యాలి. ఆదాము కళ్ళు మూసుకున్నాడు. వచ్చినవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నారు.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ దినమున మా యింటికి వచ్చిన వీరిని బట్టి నీకు స్తోత్రము. మా యెదుట ఉంచిన ఈ ఆహారమును..."

అక్కడ ఆగిపోయాడు. ఆ తరవాత రావలసిన మాట ఆశీర్వదించుము. చిన్నప్పటి నుంచి చెప్తున్న మాటే. నోట్లోంచి రాలేదు. కాంతం ఒక కన్ను తెరిచి చూసింది. మాట మర్చిపోయాడేమోనని పద్మజ నెమ్మదిగా అందించబోయింది.

ఆదాము కళ్ళు తెరిచాడు. "అమ్మా, ఆ గోంగూర ముట్టకండి" అన్నాడు.

అందరూ ఆయన వైపు చూశారు.

"అందులో మాంసం నేదు గాని, రొయ్యపప్పు పొడి ఉన్నాది. నానే వేసినాను. ఫోను రాకముందు. మీకు ఈరోజు పనికిరాదని అప్పటికి నాకు తెల్దు. తెలిసినాక సెప్పాల. సెప్పనేకపోనాను."

"ఏ పొడి?" అంది కాంతం.

"ఆ కాఫీ సీసాలోది."

"అది దనియాల పొడి కద."

"కాదే."

కాంతం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నించి?"

"పెళ్ళయిన కాణ్ణించీ."

దాలయ్య నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మరిడమ్మ ఆకులో గోంగూర వైపు చూసింది, కాంతం వైపు చూసింది.

"గుమ్మంలోనే నాకు రొయ్యపప్పు వాసన తగిలినాది" అంది. "పక్కింట్లో అనుకున్నాను. మీ ఇంట్లో ఎండుసేప గడప తొక్కదని సెప్పినారు కద."

ఆ మాట ఎవరి కోసం అన్నదో అందరికీ తెలుసు. కాంతం గరిటె గిన్నెలో పెట్టి, చాప మీద ఆవిడకి ఎదురుగా కూర్చుంది.

"నాను అన్న మాట మీ దాకా వచ్చినాదని తెలుసు. ఎలగ ఎత్తాలో తెలీక ఊరుకున్నాను" అంది. "అనకూడదు. అన్నాను. ఏ నోటితో అన్నానో ఆ నోటితోనే ఇన్నేళ్ళూ లొట్టలేసుకుని తిన్నాను. దేవుడు నాకు బాగానే పెట్టినాడు."

మరిడమ్మ ఆకు పక్కకి జరిపింది. పద్మజ పైట కొస వేలికి చుట్టుకుంటోంది. యుగంధర్ నేల చూస్తున్నాడు.

"ఇంకో ఆకు ఉన్నాదా, వదినా?" అంది మరిడమ్మ.

కాంతం లేచిన వేగానికి గాజులు చప్పుడయ్యాయి. కొత్త ఆకు వచ్చింది. అన్నం, వేపుడు, చారు. మరిడమ్మ చారు కలుపుకుని తినడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు తిన్నాక ఆదాము వైపు చూసి, "సెప్పకపోతే నాను తినీసుందును. ఇంగువ వాసనకి తెలిసీది కాదేమో. ఎందుకు సెప్పినారు?" అని అడిగింది.

"కళ్ళు మూసుకొని దేవుడితో మాట్లాడతన్నాను కద. మాట ముందుకి రానేదు" అన్నాడు ఆదాము.

ఆవిడ తల ఊపింది.

దాలయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకు వారం నేదు. నాను మొక్కనేదు. ఎనక గదిలో మేక ఉన్నాదని నా ముక్కు సెప్తన్నాది" అన్నాడు.

"తిను. తిని మా ఇంట్లోకి రాకు. ఈ రాత్రి పడవ మీద తొంగో" అంది మరిడమ్మ.

"సలి బావూ."

"గోంగూర మాంసం తిన్నోడికి సలేటి."

దానితో ఇల్లంతా నవ్వింది. ఆదాము వెనక గదిలోంచి మాంసం ఉడికిన కుక్కరు తెచ్చి, అందరూ చూస్తుండగా గోంగూర మాంసంలో కలిపాడు. సన్న మంట మీద పెట్టి, నూనె తేలేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. దాలయ్యకి, యుగంధర్‌కి వడ్డించాడు. దాలయ్య మూలగెముక పీలుస్తున్నంతసేపూ మాట్లాడలేదు.

వెళ్ళేటప్పుడు మరిడమ్మ కాంతాన్ని పిలిచి, "ఒక కారియర్లో సర్దండి. గోంగూర మాంసం ఏ రోజుది ఆ రోజు తినకూడదు. పులుపు ముక్కలోకి దిగాల కద. రేపు పొద్దున్న తింటాను" అంది. "నా మాట రేపే సెప్తాను. మీ ఇంట్లో అన్నం తిన్నాక అన్నాను గాని, కూర ఇంకా తిననేదు."

కారు వెళ్ళిపోయింది. కాంతం గిన్నెలన్నీ తోమింది. కాఫీ సీసా తీసి చూసింది, మూత తియ్యలేదు, మళ్ళీ అక్కడే పెట్టింది. ఆదాము సర్దిచెబుదామని దగ్గరికి వెళ్తే, "ముందు పిల్ల సంగతి తేలనియ్యి" అంది.

శుక్రవారం ఆదాముకి డ్యూటీ. క్రేను మీద ఫోను పట్టుకోకూడదు, కింద లాకర్లో పెట్టెయ్యాలి. పైన కూర్చుని బక్కెట్లు ఎత్తుతూ, దించుతూ, ఈపాటికి తిని ఉంటుందా, ముక్క గట్టిగా తగిలిందా, ఉప్పు ఎక్కువైందా అని ఒకటే ఆలోచన. ఇన్నేళ్ళ వంటలో ఉప్పు గురించి ఆయన భయపడింది ఆ ఒక్కరోజే. డ్యూటీ దిగి లాకరు తీస్తే యుగంధర్ నంబరు నుంచి మిస్‌డ్ కాల్స్ కనిపించాయి. ఫ్యాక్టరీ గేటు బయట సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఫోను చేశాడు. ఎత్తింది మరిడమ్మే.

"అన్నయ్యా, తిన్నాను" అంది.

ఆదాము సైకిల్ స్టాండు రాడ్డు పట్టుకున్నాడు. "ఎలగున్నాది?"

"ముక్క దూదిలాగున్నాది. పులుపు బాగా దిగినాది. గాని ఒకటి సెప్తాను, ఏటనుకోకు. రొయ్యపప్పులో ఇసక తగిలినాది. పంటి కింద కరకరమన్నాది. ఎక్కడ కొన్నావు?"

"గజపతినగరం సంతలో."

"అదే అనుకున్నాను. నేల మీద ఎండేసిన సరుకు. జల్లించకుండా అమ్మీసినాడు. ఇకమీద బయట కొనకు. మాది వల మీద ఎండుతాది, ఇసక మాటే ఉండదు. యుగంధర్ సేత ఓ డబ్బా పంపిస్తన్నాను. పుష్యం ఎళ్ళినాక మాఘంలో రోజు సూసుకుందాం. ఆ భోజనాలకి గోంగూర నువ్వే సెయ్యాల, మా సరుకుతోటే సెయ్యాల. లచ్చివారం మాత్రం పెట్టకు."

"పెట్టనమ్మా" అన్నాడు ఆదాము. ఇంకా ఏదో అనాలనుకున్నాడు. అంతలో ఫ్యాక్టరీ సైరను కూసింది, ఆ చప్పుడులో ఇద్దరికీ ఏమీ వినిపించక ఫోను పెట్టేశారు.

డబ్బా ఆదివారం వచ్చింది. చర్చి నుంచి వచ్చాక ఆదాము చుక్కకూర కడుగుతున్నాడు. కాంతం వంటింట్లోకి వచ్చి, కాఫీ సీసాలో పాత పొడి పెరట్లో పారబోసి, సీసా సబ్బుతో కడిగి ఎండలో పెట్టింది. ఆరాక కొత్త డబ్బా మూత తీసింది. ముఖం చిట్లించింది. అయినా ముక్కు మూసుకోకుండా పెనం పొయ్యి మీద పెట్టి, రొయ్యపప్పు తనే వేయించడం మొదలుపెట్టింది. కిటికీలు తెరిచే ఉన్నాయి.

"ఎంత వేస్తావు?" అని అడిగింది.

"చెంచాడు."

"ఇన్నాళ్ళూ నాకు సెప్పనేదు."

"సెప్తే తిందువా?"

కాంతం కాసేపు గరిటె తిప్పింది. "తినకపోదును" అంది. "మాడతన్నాదేమో సూడు. నాకు దీని వాసన అంతు తెల్దు."

ఆదాము వచ్చి చూశాడు. మాడలేదు. ఇంకాస్త వేగాలి అన్నాడు.

అదీ సంగతి. మాఘం ఎంతో దూరం లేదు, ఆదాము ఇప్పటికే పెద్ద దాక ఎవరిదగ్గర దొరుకుతుందా అని వాకబు చేస్తున్నాడు. ఈ కథ మీకు నచ్చితే మీ చుట్టాల గ్రూపులో పెట్టండి, చర్చి గ్రూపులో పెట్టండి, ఆఫీసు గ్రూపులో పెట్టండి. అన్నిటికంటే ముందు, ఎవరినైనా భోజనానికి పిలిచేటప్పుడు "ఆరోజు మీకు వారమేమైనా ఉందా" అని అడగడం మర్చిపోయే మనిషి మీకు తెలిసే ఉంటాడు. వాడికి తప్పకుండా పంపండి. ఉంటాను, ఫోను పెట్టేస్తున్నాను.